పక్కవాళ్ల డబ్బాలో

మా పాప చదివే బడి నుంచి ఆమధ్య ఒక సర్క్యులర్ వచ్చింది. పిల్లలు ఎవరి లంచ్ బాక్సులోది వాళ్లే తినాలి, పక్కవాళ్లకు పెట్టకూడదు, పక్కవాళ్లు పెట్టినా తీసుకోకూడదు అని. కారణాలూ రాశారు. కొందరు పిల్లలకు కొన్ని పదార్థాలు పడవు, ఎంగిలి చేతులతో జబ్బులు అంటుకుంటాయి, ఒకరింట్లో తినేది ఇంకొకరింట్లో తినకపోవచ్చు. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. పల్లీలు పడని పిల్ల నోట్లో ఒక్క పలుకు పడినా ఎంత ప్రమాదమో తెలిసినదాన్నే. మూడో కారణం దగ్గరే మనసు ఆగిపోయింది. కాగితం మడిచి సొరుగులో పెట్టేశాను గానీ, రోజూ సాయంత్రం ఆ డబ్బా కడిగేటప్పుడు అదే గుర్తుకొస్తోంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "నీ పక్కన కూచునే పిల్ల ఇయ్యాల ఏం తెచ్చుకుంది బిడ్డా?" అని. "ఏమో అమ్మా, నేను చూడలే" అంది. దాచిపెట్టే వయసు కాదు దానిది. నిజంగానే చూడలేదు. ఒకే గంట కొట్టాక, ఒకే బల్ల మీద, మోచేతులు తగులుతూ తినేవాళ్లు పక్క డబ్బాలో ఏముందో చూడకుండా ఉండగలరా? కనీసం వాసనైనా రాదా? వచ్చిన వాసన గురించి అడగకుండా ఉండటం ఎలా నేర్చుకుంటారు, అంత చిన్నప్పుడు?

మాది హనుమకొండ. కాజీపేట జంక్షన్ పక్కనే కాబట్టి నా చిన్నప్పుడు మా క్లాసులో రైల్వే వాళ్ల పిల్లలు చాలామంది ఉండేవాళ్లు. ఒకమ్మాయిది పాలక్కాడు, ఒకమ్మాయిది ఖరగ్‌పూర్, ఇంకొకమ్మాయి వాళ్ల నాన్న గార్డు, గుంతకల్లు నుంచి బదిలీ మీద వచ్చాడు. బజారులో బట్టల దుకాణం ఉన్న మార్వాడీల పిల్ల ఒకతి. నా పక్క బెంచీలో కూచునే సాయిబుల పిల్ల ఒకతి. మధ్యాహ్నం చింతచెట్టు కింద అందరం గుండ్రంగా కూచునేవాళ్లం. మా డబ్బాలో ఉండేది నాకు ముందే తెలుసు: అన్నం, పప్పు, ఏదో ఒక తొక్కు. చింతకాయల కాలంలో చింతకాయ తొక్కు, మిగతా రోజుల్లో టమాట తొక్కు. అమ్మ వంటకు వంక పెట్టను. కానీ తెలిసిన రుచి మీద ఆకలి వేరు, తెలియని రుచి మీద ఆకలి వేరు. మార్వాడీ పిల్ల డబ్బా తెరిస్తే శనగపిండి గట్టె కూర ఉండేది, కూరగాయే లేకుండా కూరేమిటని మాకు ఆశ్చర్యం. పాలక్కాడు పిల్ల కొబ్బరినూనె వాసన మొదట్లో ఎవరికీ గిట్టలేదు. సగం ఏడాది గడిచేసరికి ఆ వాసన రాకపోతే ఆ పిల్ల బడికి రాలేదని అర్థం. ఇక నా పక్క బెంచీ పిల్ల తెచ్చే దాల్చా. శనగపప్పు, సొరకాయ ముక్కలు, చింతపండు పులుపు, ఆ పులుపు వెనక మాంసం రుచి. మా ఇంట్లోనూ శనగపప్పు ఉంది, సొరకాయ ఉంది, చింతపండు ఉంది, ఆదివారం మాంసమూ ఉంది. అవన్నీ ఒకే గిన్నెలో కలవొచ్చన్న సంగతి మాత్రం మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆ పిల్లకేమో మా చింతకాయ తొక్కు ప్రాణం.

ఇదంతా సర్క్యులర్ చూశాక కదిలిన జ్ఞాపకమే అయితే నాలుగు రోజుల్లో సద్దుమణిగేది. సరిగ్గా అప్పుడే ఒక పుస్తకం నా చేతిలో పడింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఉర్దూ-తెలుగు నిఘంటువు కోసం వెళ్లాను. అది దొరకలేదు. చినుకులు మొదలై, పుస్తకాల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతున్న మనిషి పక్కకు నెట్టిన గుట్టలో, మైక్రోవేవ్ వంటల పుస్తకాలకూ బేకింగ్ పుస్తకాలకూ నడుమ కనిపించింది. మధుర్ జాఫ్రీ రాసిన 'క్లైంబింగ్ ద మ్యాంగో ట్రీస్'. మామిడిచెట్లు ఎక్కడం. మామిడి అన్న మాట కోసం తీశాను, అంతే. ఆమె పేరు నాకు కొంత తెలుసు. 1982లో బీబీసీలో వంటల కార్యక్రమం చేసి ఇంగ్లండు వంటిళ్లలోకి జీలకర్రనూ ధనియాలనూ తీసుకెళ్లిన మనిషి. అంతకుముందు నటి, 'షేక్‌స్పియర్ వాలా' సినిమాకు 1965లో బెర్లిన్‌లో ఉత్తమ నటి బహుమతి అందుకుంది. కానీ ఆమె తన చిన్నతనం గురించి ఒక పుస్తకం రాసిందని తెలియదు. 2005లో వచ్చిందట. ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పలేదేమిటి అనుకున్నాను. తిండి గురించి రాసిన పుస్తకాలను వంటల పుస్తకాల గుట్టలో వేస్తారు, వంటల పుస్తకాలను సాహిత్యం చదివేవాళ్లు తిరగెయ్యరు, అందుకేనా?

ఆ రాత్రి మొదలుపెట్టాను. 1933లో ఢిల్లీలో పుట్టింది. మాథుర్ కాయస్థుల ఇల్లు. పుట్టగానే నాయనమ్మ వేలు తేనెలో ముంచి, పసిగుడ్డు నాలుక మీద ఓంకారం రాసింది. అక్కడి నుంచి మొదలు. తాత బారిస్టరు, యమున ఒడ్డున పెద్ద ఇల్లు కట్టించాడు. పెదనాన్నలు, బాబాయిలు, వాళ్ల పిల్లలు అంతా ఒకే కప్పు కింద. సెలవుల్లో పిల్లలందరూ మామిడిచెట్లెక్కి కొమ్మకొకరు కూచుంటారు. పెద్ద పిల్లలు కోసి ముక్కలు అందిస్తుంటే, ఉప్పు, మిరియం, ఎండుమిరప, వేయించిన జీలకర్ర కలిపిన పొడి అద్దుకుని తింటారు. చదువుతుంటే పళ్లు పులిశాయి. మనం ఉప్పూ కారంతో ఆపేస్తాం. ఆ వేయించిన జీలకర్ర ఒక్కటి కలిపి చూశాను మరుసటి వేసవిలో. బాగుంది. బాగుంది అన్నప్పుడు నేను ఎవరి వేసవిని తింటున్నట్టు? నాదా, ఆమెదా?

ఈ పుస్తకంలో నన్ను మొదట పట్టుకున్నది శీతాకాలపు ఉదయాల్లో దొరికే దౌలత్ కీ చాట్. పాలను రాత్రంతా మంచులో ఉంచి, తెల్లవారకముందే చిలికితే పైకి తేలే నురగ అది. ఆ నురగను మట్టి ముంతల్లో నింపి వీధుల్లో అమ్ముతారు. ఎండ తగిలితే కూలిపోతుంది. అందుకే చలికాలంలోనే, పొద్దున పూటే. ఇప్పటికీ పాత ఢిల్లీలో చాందినీ చౌక్ సందుల్లో అమ్ముతారు. నేను తినలేదు. తినని పదార్థం మీద ఇన్ని పేజీలు ఇంత ఇష్టంగా ఎలా చదివాను? ఆలోచిస్తే అర్థమైంది, ఆమె రుచిని వర్ణించే దగ్గర ఎక్కువసేపు ఉండదు. ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, ఆ ఉదయం ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారు, ఆ చలి ఎలాంటిది అనేవి చెబుతుంది. రుచి ఆ మనుషుల మధ్య నుంచి తనంతట తను వస్తుంది. పుల్లగా ఉంది, కమ్మగా ఉంది, ఘుమఘుమలాడింది అని రాసేవాళ్లు మనకు కొదవ లేదు. వాటితో నా నోట్లో ఎన్నడూ నీళ్లూరలేదు.

ఆ కాయస్థుల ఇల్లు కూడా విచిత్రమైన ఇల్లు. పూర్వులు మొఘలు దర్బారులో రాతకోతలు చూసినవాళ్లు. మగవాళ్ల చదువు ఫారసీ, ఉర్దూ, తర్వాత ఇంగ్లీషు. ఇంట్లో పూజలూ వ్రతాలూ ఆడవాళ్లవి. భోజనాల బల్ల మీద ఈ రెండూ, వాటితోపాటు తెల్లదొరల దగ్గర నేర్చుకున్నవీ కలిసి కూచుంటాయి. ఇది ఢిల్లీ సంగతే అని దూరంగా పెట్టలేకపోయాను. మొదటి నిజాం దక్కనుకు వచ్చినప్పుడు, ఆ తర్వాతా, ఉత్తరం నుంచి కాయస్థులు కూడా వచ్చారు. మాథుర్లలో మాల్వాలా కుటుంబం నిజాం రాజ్యపు రెవెన్యూ దఫ్తరు తరతరాలుగా చూసింది. కారెన్ లియోనార్డ్ అనే చరిత్రకారిణి హైదరాబాదు కాయస్థుల మీద 1978లో పెద్ద పుస్తకమే రాసింది. అంటే జాఫ్రీ చెప్పే ఆ వంటలకు చుట్టాలు పాతబస్తీలోనే ఎక్కడో ఉండి ఉంటాయి. చార్మినార్ చుట్టుపక్కల ఎన్నిసార్లు తిరిగాను, బిర్యానీ, హలీమ్, నిహారీ తప్ప ఇంకోటి అడగాలని తట్టలేదు. ఒక ఊరు తన వంటని రెండు మూడు పేర్లకు కుదించుకుంటే మిగతావి ఎక్కడికి పోతాయి? ఇళ్లలోకి పోతాయి. ఇళ్లలో వండేవాళ్లతోపాటు పోతాయి.

అసలు చెప్పాల్సింది బడి గురించి. జాఫ్రీ ఢిల్లీలో మిషనరీ బడిలో చదివింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచే ఘట్టం వస్తుంది పుస్తకంలో. ముస్లిం స్నేహితురాళ్ల డబ్బాలో మాంసం, జైన పిల్ల డబ్బాలో ఉల్లి వెల్లుల్లి తగలని కూరలు, పంజాబీ పిల్ల డబ్బాలో పరాఠాలు. ఎవరు తినగలిగింది వాళ్లు పంచుకుని తింటారు. ఎవరింటి మాంసం ఎలా ఉంటుందో, ఎవరింటి పచ్చడి ఎందుకు అలా ఉంటుందో ఆ పిల్లకు అక్కడే తెలిసింది. పుట్టిల్లు ఎంత పెద్దదైనా, ఎన్ని రకాలు వండినా, తన ఇంటి రుచి ఒక్కటేనని, దానికి అవతల ఇంకా బోలెడు ఉన్నాయని ఆమె నాలుకకు చెప్పింది ఆ మధ్యాహ్నపు గంటే. పుస్తకం మూసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలుచున్నాను. 1940ల నాటి ఢిల్లీ బడి, మా హనుమకొండ చింతచెట్టు ఇంత దగ్గరగా ఉన్నాయా?

అయితే ఆమె ఆ ఘట్టాన్ని తీపి జ్ఞాపకంగా వదిలెయ్యదు. 1947 వస్తుంది. అదే తరగతిలో, అవే డబ్బాల చుట్టూ కూచున్న పిల్లలు ఇళ్లలో విన్న మాటలు మోసుకొస్తారు. పాకిస్తాన్ కావాలా వద్దా అన్న వాదన బెంచీల మధ్యకు వస్తుంది. కొంతకాలానికి ముస్లిం పిల్లల్లో చాలామంది లేరు. లాహోరు నుంచి, రావల్పిండి నుంచి ఇళ్లూ వాకిళ్లూ వదులుకుని వచ్చినవాళ్ల పిల్లలు వచ్చారు. ఆ వచ్చినవాళ్లు తందూరును తెచ్చారు. పెషావరు నుంచి వచ్చిన శరణార్థులు దరియాగంజ్‌లో మోతీ మహల్ పెట్టారు. అంతవరకూ ఢిల్లీ ఇళ్లలో లేని తందూరీ కోడి ఢిల్లీ వంటగా మారింది, ఆ తర్వాత దేశమంతటికీ పాకింది. ఈరోజు వరంగల్లులో చిన్న ధాబాకు వెళ్లినా మెనూలో మొదట కనిపించేది అదే. ఎవరూ దాన్ని విభజనతో కలిపి తినరు. తినాలని నేను అనడం లేదు. కానీ ఒక బడి బల్ల మీద ఒక రకం డబ్బాలు మాయమై, ఇంకో రకం డబ్బాలు వచ్చి చేరడంలో ఇంత చరిత్ర ఉందని ఏ పాఠ్యపుస్తకమూ నాకు చెప్పలేదు. చంపుకోవడాల లెక్కలు చెప్పింది, సరిహద్దు గీత చెప్పింది. పక్క సీటు ఖాళీ అయితే మధ్యాహ్నం నోటికి ఏమవుతుందో ఒక పిల్ల నాలుక చెబితేనే తెలిసింది.

ఇక్కడ నాకు ఒక అనుమానం మొదలైంది. చాలా రోజులు వదల్లేదు. ఆమెది కలిగిన ఇల్లు. కార్లున్నాయి, వంటవాళ్లున్నారు, వేసవికి కొండల మీదికి వెళ్లే వాడుక ఉంది. పిక్నిక్ అంటే కుతుబ్ మినార్ దగ్గరికి ఇంటిల్లిపాదీ వంటలతో సహా తరలివెళ్లడం. అలాంటి ఇంటి జ్ఞాపకం అందంగా ఉండటంలో ఆశ్చర్యమేముంది? కడుపు నిండినవాళ్ల తిండి కబుర్లు నాకెందుకు నచ్చాయి? ఇదే పుస్తకం గురించి ఒక స్నేహితురాలికి చెబితే, ఆమె వినీ వినకముందే, "వాళ్లు తిన్నారు సరే, వండిందెవరు?" అంది. న్యాయమైన ప్రశ్న. వండిన చేతులు ఈ పుస్తకంలో ఉన్నాయి కానీ అవి కథ చెప్పవు. ఆ ప్రశ్న విన్న తర్వాత ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్' మళ్లీ తీశాను. 1997లో హిందీలో వచ్చింది. ముజఫర్‌నగర్ జిల్లా బర్లా ఊళ్లో పాకీపని చేసే కులంలో పుట్టిన పిల్లవాడి కథ. పెళ్లిళ్లలో పెద్దకులాలవాళ్లు తినగా ఆకుల్లో మిగిలిన పూరీ ముక్కలను ఏరి తెచ్చి, ఎండబెట్టి, వానాకాలం పస్తులకు దాచుకోవడం అందులో ఉంటుంది. అది కూడా తిండి జ్ఞాపకమే కదా? ఢిల్లీకి ఎంతో దూరం లేని ఊరు. మధుర్ జాఫ్రీ పూరీ, ఆలుగడ్డ కూర పిక్నిక్ డబ్బాలో ఉంది. వాల్మీకి పూరీ ఎండలో ఆరుతోంది. మరాఠ్వాడాలో దళితుల వంటలను శాహూ పటోళె 2015లో మరాఠీలో పుస్తకంగా రాశాడు. ఆ మరాఠ్వాడా 1956 దాకా మన హైదరాబాదు రాష్ట్రంలోదే. నూనె చుక్క, మసాలా గింజ చూసుకుని వాడే వంటలు, జంతువులో ఏ భాగాన్నీ పారెయ్యని వంటలు. వీటిని పక్కన పెట్టుకుని చదివితే మామిడిచెట్ల పుస్తకం చిన్నదైపోతుందని భయపడ్డాను. కాలేదు. దానికి అంచులు ఏర్పడ్డాయి. ఇది ఒక ఇంటి కథ, ఒక తరగతి మనుషుల కథ, ఇంతవరకే దీని చూపు పారుతుంది అని తెలిశాక, ఆ చూపు పారినంత మేర ఎంత నిజాయితీగా చూసిందో ఇంకా బాగా కనిపించింది.

ఆ వెంటనే నా చింతచెట్టు దగ్గరికి వెళ్లక తప్పలేదు. అందరం గుండ్రంగా కూచునేవాళ్లం అని పైన రాశాను. అందరం అంటే ఎవరు? మా క్లాసులో డబ్బా తెచ్చుకోని పిల్లలు ఉన్నారు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి వెళ్లొస్తామని బయటికి పోయేవాళ్లు. ఇల్లు దగ్గరా, దూరమా, అక్కడ పొయ్యి వెలిగి ఉంటుందా అని అప్పుడు ఎవరు ఆలోచించారు? ఆ రోజుల్లో బడిలో వండి పెట్టే ఏర్పాటు లేదు. వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి బడుల్లో పొయ్యి రాజేశారు. తమిళనాడులో అంతకు ఎంతోముందే, 1982లో, ఎంజీఆర్ పిల్లలందరికీ పెట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రభుత్వ బడిలో పిల్లలంతా ఒకే గిన్నెలోంచి వడ్డించింది తింటారు. డబ్బా తేలేని పిల్ల బయటికి వెళ్లి ఎండలో తిరిగి రావాల్సిన పని లేదు. నా తీపి జ్ఞాపకం కంటే అది వెయ్యి రెట్లు గొప్ప. అయినా వండింది ఫలానా కులం మనిషని తమ పిల్లల్ని తిననివ్వని తల్లిదండ్రుల వార్తలు అప్పుడప్పుడూ చదువుతూనే ఉన్నాం. సర్క్యులర్ మూడో కారణం మళ్లీ గుర్తుకొచ్చింది. ఒకరింట్లో తినేది ఇంకొకరింట్లో తినకపోవచ్చు. నిజమే, తినకపోవచ్చు. తినకపోవడం హక్కే. కానీ ఆ వాక్యం పిల్లల కోసం రాశారా, పెద్దల కోసం రాశారా? ఆ పుస్తకంలో జైన పిల్ల తన పక్కన మాంసం తింటున్న పిల్లతో ఏళ్ల తరబడి కూచుంది, తను తిననిది తినలేదు, తినగలిగింది పంచుకుంది. పిల్లలు ఇలాంటివి పెద్దవాళ్ల కంటే సులువుగా చక్కబెట్టుకుంటారు, మనం మధ్యలోకి వెళ్లకపోతే.

జాఫ్రీ పుస్తకంలో ఇంకో సంగతి ఆశ్చర్యపరిచింది. లోకానికి వంట నేర్పిన ఈ మనిషికి పెళ్లీడు వచ్చేదాకా వంట రాదు. బడిలో గృహవిజ్ఞానం పరీక్ష తప్పింది. రోగులకు పెట్టే చప్పిడి ఇంగ్లీషు వంటకాలు నేర్పి, పరీక్షలో ఆలుగడ్డలూ మన దినుసులూ ఇచ్చి వండమన్నారు. నటన నేర్చుకోవడానికి 1950లలో లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌కు వెళ్లాక, అక్కడి ఉడకబెట్టిన తిండి గొంతు దిగక, అమ్మకు ఉత్తరం రాసింది. అమ్మ హిందీలో, పల్చటి ఎయిర్‌మెయిల్ కాగితాల మీద, వంట చెప్పింది. ఆ కాగితాలు చూసి వండుతూ, సరిగ్గా వచ్చిందా లేదా అని ఆ పిల్ల ఎలా తేల్చుకుంది? నాలుకను అడిగి. నాలుక అప్పటికే అంతా రాసి పెట్టుకుంది. ఇంటి బల్ల, మామిడి కొమ్మ, బడి డబ్బాలు, పెళ్లిళ్లు, శరణార్థుల తందూరు, అన్నీ. చెయ్యి తర్వాత నేర్చుకుంది. ఇది చదివాక మా పాప విషయంలో నా బెంగ కొంత మారింది. అది వంట నేర్చుకోదేమో అన్న బెంగ నాకు ముందూ లేదు, ఇప్పుడూ లేదు. ఫోన్లో చూసి ఏదైనా వండుకోగలరు ఇప్పటి పిల్లలు. కానీ వండిన తర్వాత ఇది సరిగ్గా ఉందా అని అడగడానికి నాలుక మీద ఏం రాసి ఉంటుంది? మా ఇంటి పప్పూ తొక్కూ ఉంటాయి. దాల్చా ఉండాలంటే ఎవరో ఒకరు పక్కన కూచుని పెట్టాలి. నేను వండిపెట్టొచ్చు, వండుతున్నాను కూడా. నేను వండింది మా ఇంటి దాల్చా అవుతుంది తప్ప ఆ పిల్ల ఇంటిది కాదు.

పుస్తకం నచ్చితే ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేం కదా. న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలికి చెప్పాను. తను నేరుగా చివరికి వెళ్లింది, అక్కడ జాఫ్రీ ఇంటి వంటకాలు ఎలా చెయ్యాలో రాసి ఉంది. రెండు వండి ఫొటోలు పంపింది, కథ ఇంకా చదవలేదు. పరవాలేదు, అటు నుంచి కూడా లోపలికి దారి ఉంది. అమ్మకు నోటితో చెప్పాను, అధ్యాయం తర్వాత అధ్యాయం, కూరగాయలు తరుగుతుండగా. నాలుక మీద తేనెతో రాసిన దగ్గర అమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపి, "మా అమ్మమ్మ కూడా తేనె రాసింది, ఏం రాసిందో ఎవరూ అడగలేదు" అంది. నేనెన్నడూ వినని మాట. ఇంకో పదేళ్లు ఆ మాట చెప్పడానికి సందర్భమే వచ్చేది కాదేమో. ఇంతకూ ఎవరికి ఎలా చెప్పాలి ఈ పుస్తకం గురించి? వంటల మీద ఇష్టం ఉన్నవాళ్లకు చెబితే వంటల కోసం చదువుతారు. చరిత్ర చదివేవాళ్లు తిండి పుస్తకమా అంటారు. నేనైతే ఇలా చెబుతున్నాను: బడి డబ్బాల దగ్గర మొదలుపెట్టండి, విభజన దాకా ఆపకుండా చదవండి, అప్పుడు మొదటికి వచ్చి తేనె దగ్గర నుంచి తీరిగ్గా చదవండి. అయిపోయాక 'జూఠన్' చదవండి. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లకు భాష చాలా తేలిక, పదో తరగతి పిల్లలకు కూడా అందుతుంది.

తెలుగులో ఇలాంటి పుస్తకం ఏదని వెతికాను. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' ఎన్ని ఇళ్లలో ఉందో, ఎందరు కొత్త కోడళ్ల పెట్టెల్లో వెళ్లిందో మనకు తెలుసు. అది చెయ్యి పట్టుకుని వండించే పుస్తకం. తిండి, మనుషులు, ఊరు విడదీయలేకుండా కలిసిపోయినవి కథల్లో ఉన్నాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివితే నెల్లూరు వైపు సాయిబుల ఇళ్లలో పండగ పూట ఏ గిన్నె ఎవరింటికి పోతుందో తెలుస్తుంది. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో ఆకలి, అమ్మ, అన్నం ఒకదాన్నుంచి ఒకటి విడివడవు. కానీ ఒక మనిషి కూచుని, నా నాలుక ఇలా తయారైంది, దీన్ని వీళ్లూ వీళ్లూ తయారుచేశారు అని పుట్టింటి నుంచి వరసగా చెప్పిన పుస్తకం నా చేతికి ఇంకా రాలేదు. ఎవరు రాస్తే బాగుంటుంది? మంగలోళ్ల ఇంట్లో, సాలోళ్ల ఇంట్లో, మాదిగవాడలో, కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టినవాళ్లు రాయాలి. బడిలో రోజూ రెండువందల మంది పిల్లలకు వండి, ఎవరు ఎంత తిన్నారో, ఎవరు గుడ్డు దాచుకుని తమ్ముడికి తీసుకెళ్లారో గుర్తున్న వంటమ్మ ఎవరైనా చెబితే, పక్కన కూచుని రాసిపెట్టడానికి నేను సిద్ధం.

అన్నింటికంటే ముందు నాకు చదవాలని ఉన్నది నా పక్క బెంచీ పిల్ల రాసే పుస్తకం. పదో తరగతి తర్వాత వాళ్లు హైదరాబాదు వెళ్లిపోయారు, అక్కడి నుంచి పెళ్లయి ఇంకెక్కడికో. దాల్చా గురించి ఇన్నేళ్లుగా నా వైపు నుంచే చెప్పుకుంటున్నాను, ఎవరు అడిగినా, ఎవరూ అడక్కపోయినా. ఆమె వైపు నుంచి ఆ చింతచెట్టు ఎలా ఉండేదో నాకు తెలియాలి. మా చింతకాయ తొక్కు కోసం ఆమె నిజంగానే ఎదురుచూసేదా, నన్ను నొప్పించకూడదని తినేదా? ఇంటికి వెళ్లి వాళ్లమ్మకు దాని గురించి ఏమని చెప్పింది? వాళ్లమ్మ ఎప్పుడైనా దాన్ని చేసి చూసిందా? చేస్తే అందులో ఏం మార్చింది? ఇవన్నీ ఆమెను కూచోబెట్టి అడగాలని ఉంది.